జోనింగ్ పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి? ఊరు, రాష్ట్రం, బోనస్: అమెరికాలోని తెలుగువాళ్లకి ఒక పోలిక

ఫ్రిస్కో, ఫ్రీమాంట్, ఎడిసన్, రెడ్‌మండ్... మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఏ ఊరు తీసుకున్నా ఈమధ్య ఒకే రకం గొడవ నడుస్తోంది. రోడ్డు పక్క ఖాళీ స్థలంలోనో, మూతపడిన మాల్ ఉన్న చోటో అపార్ట్‌మెంట్లు కడతామని ఎవరో దరఖాస్తు పెడతారు. వాట్సాప్ గ్రూపుల్లో పిటిషన్ లింకు తిరగడం మొదలవుతుంది. "మన ఊరి సంగతి మనమే తేల్చుకోవాలి, రాష్ట్రానికి ఏం పని?" అని ఒకరంటారు. "అలా అనుకునే కదా ఇళ్ల ధరలు ఇలా మండిపోతున్నాయి" అని ఇంకొకరు. "కట్టుకోనిద్దాం, కానీ బదులుగా ఊరికి ఏదో ఒకటి రాబడదాం" అని మూడో మనిషి.

ఈ ముగ్గురి మాటల్లో మూడు వేర్వేరు దారులున్నాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోని నాలుగో దారి కూడా ఒకటుంది: బిల్డర్‌కి కాకుండా ఊరికి డబ్బిచ్చి ఒప్పించడం. బ్యాలెట్ మీద ఇలాంటి ప్రశ్న ఎదురైనవాళ్లకి, హియరింగ్‌లో మాట్లాడాలా వద్దా అని ఊగుతున్నవాళ్లకి, పక్క స్థలం ఏమవుతుందో తెలియక ఇల్లు కొనడం వాయిదా వేస్తున్నవాళ్లకి పనికొస్తుందని ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ఒక అపోహ ముందే తీసేయాలి. జోనింగ్ అధికారం, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో తేల్చే అధికారం, పుట్టుకతో ఊళ్లది కాదు, రాష్ట్రాలది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో జోనింగ్ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. సొంతిళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంటుని ఆ తీర్పులో ఏకంగా పరాన్నజీవితో పోల్చారు! ఆ కాలంలోనే రాష్ట్రాలు వరసగా చట్టాలు చేసి ఈ అధికారాన్ని ఊళ్లకి అప్పగించాయి. అప్పగించినవాళ్లు కొంత వెనక్కి తీసుకుంటామంటే కోర్టులు సాధారణంగా అడ్డుపడవు. కాబట్టి ఎంత వెనక్కి తీసుకుంటే మంచిది అన్నదే ఇప్పుడు అసలు చర్చ.

## దేన్ని చూసి తూచాలి

చాలామంది మొదట చూసేది ఎత్తు: ఎన్ని అంతస్తులు, నీడ ఎటు పడుతుంది అని. అది ముఖ్యమే కానీ, దానికన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి.

అన్నిటికంటే పెద్దది అనుమతి ఎలా వస్తుందన్నది. రెండు పద్ధతులున్నాయి. రాసిపెట్టిన రూల్స్ అన్నీ పాటిస్తే అనుమతి ఇచ్చి తీరాల్సిందే అనేది ఒకటి. దీన్ని బై-రైట్ అంటారు. రూల్స్ పాటించినా కమిషన్‌కీ కౌన్సిల్‌కీ నచ్చితేనే ఇస్తాం అనేది రెండోది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటే ఇదే. మ్యాప్ మీద 40 యూనిట్లకి వీలుంటుంది, హియరింగ్ దగ్గరికి వచ్చేసరికి 22 అవుతుంది, మూడేళ్లు గడిచాక స్థలమే చేతులు మారుతుంది. పగ్గాలు ఊరి దగ్గరున్నాయా, రాష్ట్రం దగ్గరున్నాయా అన్నదాని కంటే ఈ తేడాయే ఎన్ని ఇళ్లు లేస్తాయో ఎక్కువగా తేలుస్తుందని నా అభిప్రాయం. కింద ప్రతి దారినీ ముందుగా ఈ కోణంలోనే చూస్తాను.

తర్వాత లెక్కలు గిట్టుబాటు అవుతాయా అన్నది. కాగితం మీద అనుమతి ఉండి బిల్డర్‌కి గిట్టకపోతే ఇటుక కూడా పడదు. ఆ తర్వాత మురుగు పైపులు, రోడ్లు, స్కూళ్ల ఖర్చు ఎవరు మోస్తారు? తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి కేటాయించే ఇళ్లు ఎన్ని, ఎన్నేళ్ల పాటు? చివరగా, తేడా వస్తే వెళ్లి ఎవరిని నిలదీయగలం?

## మొదటి దారి: అంతా ఊరి చేతిలోనే

దీని బలం గురించి తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ, కానీ బలం ఉంది. ఏ వాగు ఏ వానకి పొంగుతుందో, ఏ కూడలి సాయంత్రం ఐదింటికి ఆగిపోతుందో, ఏ వీధి కింద మురుగు పైపు ఇంకో వంద ఇళ్లని మోయలేదో రాష్ట్ర రాజధానిలో కూర్చున్నవాళ్లకి తెలియదు. నచ్చకపోతే కౌన్సిల్‌ని వచ్చే ఎన్నికల్లో మార్చుకోవచ్చు.

బలహీనత ఏమిటంటే, ఆ ఇళ్లు కడితే వచ్చి ఉండేవాళ్లకి ఇంకా ఆ ఊళ్లో ఓటు లేదు. హియరింగ్‌కి వచ్చేది ఇప్పటికే ఇల్లున్నవాళ్లు, వారం మధ్యలో సాయంత్రం తీరికున్నవాళ్లు. ప్రతి ఊరూ "ఉద్యోగాలు మాకు, ఇళ్లు పక్క ఊరికి" అనుకుంటుంది. ఒక్కో ఊరి లెక్కలో అది తెలివైన పనే, అందరూ కలిపి అదే చేస్తే మాత్రం ఇంజనీరు జీతం వచ్చేవాళ్లు కూడా గంటన్నర దూరం నుంచి డ్రైవ్ చేస్తారు. శాంటా క్లారా కౌంటీలో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి లక్ష డాలర్లు వచ్చినా లెక్క ప్రకారం 'లో ఇన్‌కమ్' కిందికే వస్తుంది.

ఎగవేత ఎంత దూరం పోతుందో చెప్పడానికి వుడ్‌సైడ్ చాలు. ఒక స్థలంలో రెండు ఇళ్లకి, స్థలాన్ని రెండుగా విడదీస్తే నాలుగు దాకా వీలిచ్చే ఎస్‌బీ 9 చట్టం 2022 జనవరిలో కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చింది. సిలికాన్ వ్యాలీ సంపన్నులుండే ఈ ఊరు తమ ఊరు మొత్తం కొండ సింహాల ఆవాసం కాబట్టి ఈ చట్టం తమకు వర్తించదని ప్రకటించింది. రాష్ట్ర అటార్నీ జనరల్ కళ్లెర్ర చేశాక వెనక్కి తగ్గింది.

అలాగని ఊరి చేతిలో ఉంటే ఏదీ కట్టనివ్వరు అనుకోవడం కూడా తప్పే. హ్యూస్టన్‌లో అసలు జోనింగే లేదు. 1948, 1962, 1993లలో ఓటర్లే వద్దన్నారు. 1998లో అక్కడి కౌన్సిల్ ఊరి నడిమి భాగాన్ని చుట్టే 610 లూప్ రోడ్డు లోపల కనీస స్థలాన్ని 5,000 నుంచి 1,400 చదరపు అడుగులకు తగ్గించింది, 2013లో దాన్ని ఊరంతా విస్తరించింది. వేల టౌన్‌హౌస్‌లు లేచాయి. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది: ఏదైనా వీధివాళ్లు కలిసి పిటిషన్ పెట్టుకుంటే తమ వరకు పాత కొలతే ఉంచుకోవచ్చు. కొన్ని వీధులు అలా తప్పుకున్నాయి కాబట్టే ఊరంతా తిరగబడలేదని చాలామంది నమ్మకం. ఊరి పెత్తనానికి బదులు వీధి పెత్తనం అన్నమాట. పంతం పట్టిన వీధికి దారి వదిలి, మిగతా ఊరిని ముందుకి నడిపించడం నాకు చాలా చోట్ల కన్నా ఆచరణకి దగ్గరగా కనిపిస్తుంది.

## రెండో దారి: రాష్ట్రం గీసే కనీస గీత

రాష్ట్రం "ఇంతకన్నా తక్కువకి కట్టడి చేయకూడదు" అని గీత గీస్తుంది, ఆ పైన ఊరి ఇష్టం. 2019లో ఓరెగాన్ హెచ్‌బీ 2001తో 10 వేలకు పైగా జనాభా ఉన్న ఊళ్లు ఒంటి ఇళ్ల వీధుల్లో డూప్లెక్సులకి, 25 వేలు దాటినవి నాలుగు యూనిట్ల దాకా వీలివ్వాలంది. 2023లో వాషింగ్టన్ రాష్ట్రం 75 వేలు దాటిన ఊళ్లలో స్థలానికి నాలుగు యూనిట్లు, పెద్ద ట్రాన్సిట్ స్టేషన్‌కి పావు మైలు లోపు ఆరు అంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, కర్క్‌లాండ్ ఇందులోకే వస్తాయి. రాజకీయంగా పూర్తిగా వేరే తోవలో ఉండే టెక్సస్ కూడా 2025లో ఇదే బాట పట్టింది. ఎస్‌బీ 840 ప్రకారం పెద్ద కౌంటీల్లో లక్షన్నర జనాభా దాటిన ఊళ్లు వాణిజ్య జోన్లలో అపార్ట్‌మెంట్లకి వీలివ్వాలి. ఎకరానికి 36 యూనిట్ల కంటే, 45 అడుగుల ఎత్తు కంటే తక్కువకి కట్టడి పెట్టకూడదు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, మెకినీ అన్నీ ఈ లెక్కలో ఉన్నవే.

దీని ప్రధాన బలం, అన్ని ఊళ్లూ ఒకేసారి కదలడం. "మేమొక్కళ్లమే ఎందుకు మోయాలి?" అనే వాదన పోతుంది. కౌన్సిల్ సభ్యులకి కూడా లోలోపల హాయి: "మాదేం లేదు, రాష్ట్ర చట్టం" అనొచ్చు.

చట్టం వచ్చినంత మాత్రాన ఇళ్లు వచ్చేస్తాయనుకోకండి. కూపర్టినోలో వాల్కో మాల్ కథ మనవాళ్లలో చాలామందికి తెలిసిందే. ఏళ్ల తరబడి స్థానికంగా కొట్లాట నడిచాక 2018లో ఎస్‌బీ 35 అనే రాష్ట్ర చట్టం కింద 2,402 ఇళ్లకి అనుమతి వచ్చింది, అందులో సగం తక్కువ ఆదాయం వాళ్లకి. తర్వాత కోర్టు కేసు, ఆ తర్వాత ప్లాన్ల మార్పులు. మాల్ కూలింది, ఏళ్లు గడిచినా ఆ ఇళ్లు లేవలేదు.

ఒకే రాష్ట్రంలో ఒకే రకం స్థలాల మీద వచ్చిన రెండు చట్టాల్ని పోలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పెరట్లో కట్టుకునే చిన్న ఇళ్లు, అంటే ఏడీయూలు, కాలిఫోర్నియాలో 2016 ప్రాంతంలో ఏడాదికి వెయ్యి రెండు వేల అనుమతుల స్థాయిలో ఉండేవి. కొన్నేళ్లలో 20 వేలు దాటాయి. ఎస్‌బీ 9కి మాత్రం దరఖాస్తులే అంతంతమాత్రం. తేడా ఎక్కడుంది? ఏడీయూ చట్టాన్ని శాసనసభ ఒకసారి చేసి వదిలేయలేదు. ఊళ్లు ఫీజులతో అడ్డుకుంటే ఫీజులు తగ్గించారు, పార్కింగ్ పేరుతో అడ్డుకుంటే అదీ తీసేశారు, అనుమతికి 60 రోజుల గడువు పెట్టారు, హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) పూర్తిగా నిషేధించకుండా చేశారు. ఎస్‌బీ 9లో స్థలం విడదీసేవాళ్లు మూడేళ్లు అక్కడే ఉంటామని రాసివ్వాలి, హెచ్‌ఓఏ నిబంధనల్ని ఆ చట్టం కొట్టేయదు, డిజైన్ షరతులతో చుట్టుముట్టే అవకాశం ఊళ్లకి మిగిలింది. గీత గీసినవాళ్లు దాన్ని కాపలా కూడా కాస్తారా అన్నది చూడాలి.

ఇంకో చిక్కు ఖర్చుది. యూనిట్లు పెంచమని రాష్ట్రం హుకుం ఇస్తుంది, పైపులు మార్చే డబ్బు మాత్రం ఇవ్వదు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. నాలుగో దారి పుట్టింది ఇందుకే, అక్కడికొస్తాను.

## మూడో దారి: బిల్డర్‌కి డెన్సిటీ బోనస్

ఇది బేరం. "నీకు మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువ యూనిట్లు ఇస్తాం, అందులో కొన్ని తక్కువ ఆదాయం వాళ్లకి తక్కువ అద్దెకి ఇవ్వు." కాలిఫోర్నియాలో ఈ చట్టం 1979 నుంచీ ఉంది. ఎవరి మీదా బలవంతం లేదు కాబట్టి అందరికీ నచ్చుతుంది. నచ్చినంత తేలిక మాత్రం కాదు.

లెక్క చూద్దాం. స్థలానికి 40 యూనిట్ల హద్దు ఉందనుకోండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అందులో 15 శాతం, అంటే ఆరు యూనిట్లు, బాగా తక్కువ ఆదాయం వాళ్లకి కేటాయిస్తే 50 శాతం బోనస్ వస్తుంది. మొత్తం 60. మార్కెట్ అద్దెకి ఇచ్చేవి 40 నుంచి 54కి పెరిగాయి. ఆ అదనపు 14 యూనిట్ల లాభం ఆరింటి నష్టాన్ని పూడ్చి ఇంకా కొంచెం మిగిలిస్తేనే బిల్డర్ ముందుకొస్తాడు. ఆ ఆరు యూనిట్లూ 55 ఏళ్ల పాటు తక్కువ అద్దెలోనే ఉండాలి. యూనిట్లే కాకుండా పార్కింగ్ తగ్గింపు, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) సడలింపు లాంటివి కూడా వస్తాయి. చాలా ప్రాజెక్టుల్లో అసలు ఆకర్షణ అదే. కట్టిన గ్యారేజీలో ఒక్కో కారు చోటుకి పదుల వేల డాలర్లవుతుంది మరి.

బోనస్ ఎక్కడ పని చేయదో తెలుసుకుంటే సగం చర్చ తేలిపోతుంది.

మొదటిది ఎత్తు దగ్గర. కింద కాంక్రీటు, పైన ఐదు అంతస్తులు చెక్క: అమెరికా అంతటా కనిపించే అపార్ట్‌మెంట్ ఇదే, చవక కాబట్టి. మనుషులుండే పై అంతస్తు ఫైరింజన్ నిలిచే మట్టం నుంచి 75 అడుగులు దాటితే భవనం హైరైజ్ కిందికి వెళ్తుంది, రూల్స్ మారతాయి, ఖర్చు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆరంతస్తుల స్థలానికి ఇంకో రెండు మూడు బోనస్ ఇస్తామంటే చాలా ఊళ్లలో బిల్డర్ వద్దంటాడు. ఎనిమిదంతస్తుల కట్టడానికయ్యే ఖర్చుని అక్కడి అద్దె మోయదు. రెండంతస్తుల నుంచి నాలుగుకి ఇచ్చే బోనస్‌కి మాత్రం గిరాకీ ఉంటుంది.

రెండోది ఇంకా లోతైన చిక్కు. బేస్ జోనింగ్, అంటే బోనస్ కలపకముందు ఉన్న హద్దు, బిగుతుగా ఉన్నంత వరకే బోనస్‌కి విలువ. 40 హద్దుని ఊరికే 60 చేసేస్తే ఆరు చవక యూనిట్ల కోసం బేరమాడడానికి చేతిలో ఏమీ మిగలదు. అందుకని కొన్ని ఊళ్లు కావాలనే బేస్‌ని తక్కువలో ఉంచుతాయి. ఫలితం ఏమిటంటే, బోనస్ వాడని స్థలాల్లో కట్టాల్సినంత కూడా కట్టరు. 2022లో కాలిఫోర్నియా పెద్ద ట్రాన్సిట్ స్టాపులకు అర మైలు లోపు పార్కింగ్ కనీసాలను తీసేసినప్పుడు ఇదే వాదన వచ్చింది: మేము పార్కింగ్ తగ్గింపుని ఆశ చూపి చవక ఇళ్లు రాబడుతున్నాం, మీరు దాన్ని ఉచితంగా ఇచ్చేస్తే ఎలా అని. ఆ వాదనలో నిజం ఉంది. కానీ చవక యూనిట్ల కోసం మొత్తం ఇళ్లనే కొరతలో ఉంచడం నాకు ఖరీదైన బేరంగానే తోస్తుంది.

మూడోది, బదులుగా ఏం అడుగుతున్నాం అన్నది. న్యూయార్క్ 1961లో భవనం ముందు జనం కూర్చునే ఖాళీ ప్లాజా వదిలితే అదనపు అంతస్తులు ఇచ్చింది. ప్లాజాలు వందల కొద్దీ వచ్చాయి, వాటిలో చాలావరకు ఎవరూ కూర్చోని చోట్లే. అదే న్యూయార్క్ 2024 డిసెంబరులో ఆమోదించిన సిటీ ఆఫ్ యెస్ అనే జోనింగ్ మార్పులో చవక ఇళ్లకి బదులుగా కనీసం 20 శాతం అదనపు వైశాల్యం ఇస్తోంది. అడిగేది సూటిగా ఉంటే కొలవడం తేలిక.

బాగా పనిచేసిన ఉదాహరణ లాస్ ఏంజెలస్‌ది. 2016లో ఓటర్లే ఆమోదించిన మెజర్ జేజేజే నుంచి పుట్టిన టీఓసీ కార్యక్రమం ట్రాన్సిట్ దగ్గరి స్థలాలకి 80 శాతం దాకా అదనపు యూనిట్లు ఇచ్చింది. ఎంత ఇస్తే ఎంత వస్తుందో ముందే పట్టికలో రాసి ఉండడం వల్ల బిల్డర్లు దాన్ని నమ్మి స్థలాలు కొన్నారు. అక్కడా గెలిపించింది ఆ ముందస్తు స్పష్టతే. చికాగోలో 2013, 2015లలో రైలు స్టేషన్ల దగ్గర పెంచిన హద్దుల మీద జరిగిన అధ్యయనంలో మాత్రం తొలి ఐదేళ్లలో స్థలాల ధరలు పెరిగాయి, కొత్త అనుమతులు పెరిగినట్టు తేలలేదు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట: అక్కడ ఊళ్లు చవక యూనిట్లని తప్పనిసరి చేయకూడదని రాష్ట్రం నిషేధించింది. స్వచ్ఛంద బోనస్ ఒక్కటే మార్గం. ఆస్టిన్ దాన్నే వాడుతోంది.

## నాలుగో దారి: ఊరికి డబ్బు

మసాచుసెట్స్‌లో 2004 నుంచి 40ఆర్ అనే పథకం ఉంది. స్టేషన్ దగ్గరో ఊరి నడిబొడ్డునో ఒత్తుగా ఇళ్లు కట్టే జోన్‌ని ఊరు తనంతట తాను పెట్టుకుంటే, వీలయ్యే యూనిట్లని బట్టి రాష్ట్రం 10 వేల నుంచి 6 లక్షల డాలర్లిస్తుంది. ఆ తర్వాత కట్టే ఒక్కో అదనపు యూనిట్‌కీ 3,000 డాలర్లు. ఆ జోన్‌లో అనుమతి బై-రైట్ పద్ధతిలో ఇవ్వాలి, 20 శాతం ఇళ్లు చవకవై ఉండాలి. పిల్లల స్కూలు ఖర్చు పెరిగితే ఆదుకోవడానికి తోడుగా 40ఎస్ అనే చట్టం కూడా చేశారు.

పద్ధతి మంచిదే, మొత్తమే చిన్నది. వద్దు అనుకునే సంపన్న ఊరికి 6 లక్షల డాలర్లు లెక్కలోకి రావు. అందుకే ఆ రాష్ట్రమే 2021లో ఎంబీటీఏ (బోస్టన్ ప్రాంత రవాణా సంస్థ) కమ్యూనిటీస్ చట్టంతో 177 ఊళ్ల మీద కనీస గీత గీసింది: ఎకరానికి 15 యూనిట్లకి బై-రైట్‌గా వీలిచ్చే జోన్ ఒకటి ఉండాలని. మిల్టన్ అనే ఊరు 2024 ఫిబ్రవరి రెఫరెండంలో దాన్ని తిరస్కరించింది, విషయం రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లింది. 2025 జనవరిలో చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పింది, మార్గదర్శకాలు మాత్రం సరైన పద్ధతిలో మళ్లీ ఇవ్వమంది.

## నాలుగూ పక్కపక్కన

| చూడాల్సింది | ఊరి ఇష్టం | రాష్ట్రం కనీస గీత | బిల్డర్‌కి బోనస్ | ఊరికి డబ్బు |
|---|---|---|---|---|
| అనుమతి పద్ధతి | ఎక్కువగా కౌన్సిల్ విచక్షణ | ఎక్కువగా బై-రైట్ | రూల్ ఎలా రాశారో దాన్ని బట్టి | ఒప్పుకున్న జోన్‌లో బై-రైట్ |
| ఇళ్లు లేచే వేగం | ఊరిని బట్టి మారుతుంది | నెమ్మదిగా మొదలై పెరుగుతుంది | మార్కెట్ బాగుంటే వేగం | పరిమితం |
| చవక యూనిట్లు | బేరాన్ని బట్టి | చాలాచోట్ల నేరుగా రావు | ఉంటాయి, కొద్దిగా | ఉంటాయి |
| స్కూళ్లు, పైపుల ఖర్చు | బిల్డర్ నుంచి రాబట్టవచ్చు | ఊరి నెత్తిన | ఊరి నెత్తిన | కొంత రాష్ట్రానిది |
| అడ్డుకునే దారులు | ఎన్నో | కోర్టు, లొసుగులు | వాడకుండా వదిలేయడం | ఊరు చేరకపోవడం |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

సొంతిల్లు ఉండి, స్కూళ్ల గురించి టెన్షన్ పడేవాళ్లు. మనవాళ్లలో వినిపించే మొదటి ప్రశ్న స్కూలు రేటింగే. అపార్ట్‌మెంట్ యూనిట్‌కి వచ్చే పిల్లలు సాధారణంగా విడి ఇంటికి వచ్చేవాళ్ల కంటే తక్కువ. పైగా చాలాచోట్ల భయం తిరగబడింది: ఇళ్ల ధరలకి చిన్న పిల్లలున్న కుటుంబాలు దూరమై, కూపర్టినో యూనియన్ స్కూల్ డిస్ట్రిక్ట్ పిల్లలు తగ్గి 2022లో కొన్ని స్కూళ్లు మూసేసింది. డాలస్ ఉత్తరాన వేగంగా పెరిగే చోట్ల పరిస్థితి వేరే కావచ్చు, అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంచనాలు చూసి మాట్లాడండి. మీకు నా సలహా: రాష్ట్రం గీతని వ్యతిరేకించడంలో శక్తి ఖర్చు చేయకండి. ఆ గీత లోపల ఊరికి మిగిలిన డిజైన్, రోడ్డు, డ్రైనేజీ నిబంధనల్ని గట్టిగా రాయించండి. పూర్తి ఊరి పెత్తనం మీ ఇంటి ధరని కాపాడుతుందన్న నమ్మకానికి ఇంకో వైపు కూడా ఉంది: ఎక్కువ యూనిట్లకి వీలున్న స్థలం విలువ పెరుగుతుంది. చికాగోలో జరిగింది అదే కదా.

అద్దెకుండేవాళ్లు, మొదటి ఇల్లు వెతుక్కునేవాళ్లు. మీకు మొత్తం ఇళ్ల సంఖ్య ముఖ్యం. మినియాపొలిస్‌లో 2017 నుంచి 2022 దాకా ఇళ్లు దాదాపు 12 శాతం పెరిగాయి, అద్దెలు ఒక శాతం మాత్రమే పెరిగాయి. మిన్నెసోటాలో మిగతా చోట్ల అద్దెలు 14 శాతం పెరిగాయి. మినియాపొలిస్ ఒక్కో స్థలంలో మూడు యూనిట్లకి వీలివ్వడం గురించి పేపర్లు ఎక్కువ రాశాయి కానీ, పెరుగుదలలో ఎక్కువ భాగం పెద్ద రోడ్ల మీది అపార్ట్‌మెంట్లదీ, పార్కింగ్ సడలింపులదీ. కాబట్టి కనీస గీతకీ, బై-రైట్‌కీ మద్దతివ్వండి. బోనస్ యూనిట్లు లాటరీలో వస్తే సంతోషం, వాటి మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. మంచి జీతం ఉన్నవాళ్లకి ఆదాయ పరిమితుల వల్ల అవి ఎలాగూ రావు.

పాత, చవక అద్దెల వాడలో ఉండేవాళ్లు. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. అలాంటి చోట ఊరి పెత్తనం కొన్నిసార్లు నిజంగానే రక్షణ. కూల్చడం తేలికైతే ముందు వెళ్లిపోయేది అద్దెకున్నవాళ్లే. చట్టంలో కిరాయిదారుల మినహాయింపు ఉందో లేదో చూడండి. ఎస్‌బీ 9 గత మూడేళ్లలో అద్దెకిచ్చిన ఇంటిని కూల్చనివ్వదు. ఆ వాక్యం లేని ప్రతిపాదనకి మద్దతివ్వడానికి తొందరపడకండి.

పెరట్లో ఇంకో ఇల్లు కట్టాలనుకునేవాళ్లు, అమ్మానాన్నల కోసం అయినా సరే. మీకు రాష్ట్ర చట్టమే దిక్కు. హెచ్‌ఓఏ కాగితాలు మాత్రం ముందు చదువుకోండి.

పక్కన ఖాళీ స్థలం ఉన్న ఇల్లు కొనబోయేవాళ్లు. ఇప్పటి జోనింగ్ చూసి ఊరుకోకండి. బోనస్ కలిపితే అక్కడ ఎంత దాకా లేవొచ్చో సిటీ ప్లానింగ్ కౌంటర్‌లో అడిగితే చెబుతారు. టెక్సస్‌లో పక్కన స్ట్రిప్ మాల్ ఉంటే ఎస్‌బీ 840 లెక్క కూడా చూసుకోవాలి.

## హియరింగ్‌కి వెళ్తే అడగాల్సినవి

గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్లకి ఓటు లేదు, కానీ పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడడానికి పౌరసత్వం ఎవరూ అడగరు. రెండు మూడు నిమిషాలే ఇస్తారు కాబట్టి భావోద్వేగం తగ్గించి ప్రశ్నలు పెట్టండి. ఈ బోనస్‌ని ఇప్పటిదాకా ఎంతమంది వాడారు? ఎవరూ వాడకపోతే కారణం ఎత్తా, పార్కింగా, చవక యూనిట్ల శాతమా? బోనస్ తీసుకున్నాక మళ్లీ కౌన్సిల్ ఓటు కావాలా? చవక యూనిట్లు ఎన్నేళ్లు ఉంటాయి, ఎవరు తనిఖీ చేస్తారు?

టెక్సస్‌లో అభ్యంతర పత్రం మీద సంతకం పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. పాత నిబంధనలో 200 అడుగుల లోపు భూమిలో 20 శాతం యజమానులు రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు అవసరమయ్యేవి. 2025 హెచ్‌బీ 24 ఇళ్లు పెంచే మార్పులకి ఆ 20ని 60 శాతం చేసింది.

ఇంకో ప్రశ్న చాలామంది మర్చిపోతారు: ఇది కాదంటే ఆ స్థలంలో ఏం వస్తుంది? న్యూజెర్సీలో 1975 నాటి మౌంట్ లారెల్ తీర్పు నుంచి ప్రతి ఊరికీ చవక ఇళ్ల బాధ్యత ఉంది, 2024 చట్టం ప్రకారం ఆమోదం పొందిన ప్లాన్ ఉన్న ఊరికే బిల్డర్స్ రెమెడీ నుంచి రక్షణ. ఆ రక్షణ లేకపోతే బిల్డర్ కోర్టు ద్వారా ఊరి జోనింగ్‌ని దాటుకుని కట్టవచ్చు. కాలిఫోర్నియాలోనూ ఇలాంటి నిబంధనే ఉంది. 2022లో శాంటా మోనికా హౌసింగ్ ప్లాన్‌కి సకాలంలో రాష్ట్రం ఆమోదం పొందలేకపోయినప్పుడు ఆ సందులో నాలుగు వేలకు పైగా యూనిట్లకి దరఖాస్తులు వచ్చిపడ్డాయి, వాటిలో ఎక్కువ భాగం పెట్టిన బిల్డర్‌తో ఊరు చివరికి రాజీకి రావాల్సి వచ్చింది. మీ ఊరి ప్లాన్‌కి ఆమోదం ఉందో లేదో సిటీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. పిటిషన్ మీద సంతకం పెట్టే ముందు అది చూసుకోండి.